వైశాఖ ముహూర్తానికి ఏ బ్లష్? డబ్బా క్రీమూ స్టిక్కూ పక్కపక్కన పెట్టి చూసిన ఒక కేసు

పెళ్లికూతురు వయసు 27. చామనఛాయ, ఎండాకాలం వస్తే బుగ్గలు జిడ్డెక్కే తత్వం, రోజంతా ఏసీ ఆఫీసు. పెళ్లి వైశాఖంలో, పగటి ముహూర్తం, హైదరాబాద్ శివార్లలో ఒక ఫంక్షన్ హాల్. ఆ నెలలో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. మండపం మీద లైట్లు, పక్కన హోమగుండం, మెడలో దండలు ఉంటే హాల్లో ఏసీ ఎంత ఉన్నా పెళ్లికూతురి ముఖం దాకా రాదు.

మేకప్ ఆర్టిస్ట్ రెండు ట్రయల్స్ వేసింది. మొదటిది డబ్బాలో వచ్చే క్రీమ్ బ్లష్‌తో. రెండు గంటల్లో రంగు బుగ్గ ఎముక మీంచి దవడ వైపు జారింది, పైన నూనె మెరుపు తేలింది. రెండోది స్టిక్‌తో. రంగు కదల్లేదు గానీ మచ్చలు మచ్చలుగా పడింది, కింద వేసిన ఫౌండేషన్ అక్కడక్కడా లేచొచ్చింది. ఇవి చాలవన్నట్టు మూడో ఫిర్యాదు ఒకటి. క్లయింట్ ఆ డబ్బా రంగు నచ్చి ఒకటి కొనుక్కుని రెండు నెలలుగా ఆఫీసుకు రోజూ వాడుతోంది. రెండు బుగ్గల మీదా ఇప్పుడు నొప్పీ దురదా లేని సన్నటి గింజలు, చర్మం రంగులోనే.

పరిశీలనకు వచ్చినవి: సగం వాడిన డబ్బా, సగం వాడిన స్టిక్, రెండింటి అట్టపెట్టెలు, ట్రయల్స్‌లో వాడిన రెండు ఫౌండేషన్లు. ముహూర్తానికి ఏది వాడాలి, గింజలకు కారణం ఏది, స్టిక్ ఎందుకు మచ్చలు పడింది అన్నవి ప్రశ్నలు. ‘క్రీమ్ జారుతుంది, స్టిక్ నిలుస్తుంది’ అని స్టూడియోల్లో ఒక మాట నడుస్తుంటుంది. దాన్ని నమ్ముకుంటే ఈ మూడింటిలో ఒక్కదానికీ సరైన జవాబు రాదు. డబ్బాలో పోశారా, గొట్టంలో పోశారా అన్నది ప్యాకింగ్ సంగతి. లోపలున్న నూనె ముఖం మీద ఉండిపోయే రకమా, ఎగిరిపోయే రకమా, దాన్ని పట్టి ఉంచే మైనం ఎంత అన్నవే బుగ్గ మీద తేడా చూపిస్తాయి.

లేబుల్ చదవడం

మన కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం 1 శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. రంగులు చివర్లో వస్తాయి. ఆ 1 శాతం గీత ఎక్కడుందో లేబుల్ మీద ఎవరూ గీసి చూపించరు, మనమే పట్టుకోవాలి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ దానికి మంచి గుర్తు. దాని గరిష్ఠ పరిమితి 1 శాతం, కాబట్టి ఆ పేరు దగ్గర నుంచి కిందున్నవన్నీ (రంగులు మినహా) ఒక శాతమో, అంతకు తక్కువో. ఈ డబ్బా మూత మీద బంగారు అక్షరాలతో ‘జొజోబా, రోజ్‌హిప్’ అని ఉంది. రెండూ ఫినాక్సీఇథనాల్ తర్వాతే ఉన్నాయి. కూరలో కరివేపాకంత కూడా కాదు.

ఆ తర్వాత పదార్థాలను నాలుగు కుప్పలుగా విడదీశాం: ఉండిపోయే నూనెలు, ఎగిరిపోయే నూనెలు, మైనాలు, పొడులు. పేర్లు ఎంత పొడుగున్నా దాదాపు ప్రతిదీ ఈ నాలుగింటిలో ఒకదానిలో పడుతుంది. పడని కొద్దిపాటివి రెజిన్, సువాసన, యాంటీ ఆక్సిడెంట్, ప్రిజర్వేటివ్.

డబ్బాలో ఏముంది

వరస ఇది: ఇథైల్‌హెక్సైల్ పామిటేట్, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, మైకా (మెరిసే అభ్రకం పొడి), కొబ్బరి నూనె, షియా బటర్, మైక్రోక్రిస్టలైన్ వాక్స్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, సింథటిక్ వాక్స్, సిలికా, ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్, ఆ తర్వాత మూత మీది ఘనులు, చివర్లో రంగులు.

మొదటి అయిదింటిలో నాలుగు ఉండిపోయే నూనెలే. ఎగిరిపోయేది ఒక్కటీ లేదు. అంటే రాసిన నూనె రాసినట్టే సాయంత్రం దాకా బుగ్గ మీద ఉంటుంది, కడిగితేనే పోతుంది. ‘చర్మంలోకి ఇంకిపోతుంది’ అని అమ్మేవాళ్లు అనేది ఇక్కడ పెద్దగా జరగదు.

అసలు చిక్కు కొబ్బరి నూనె, షియా దగ్గర ఉంది. కొబ్బరి నూనె 24, 25 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సంక్రాంతికి సీసాలో గడ్డకట్టి, శివరాత్రి దాటితే నీళ్లలా అయ్యేది ఇదే. షియా కరగడం 32 నుంచి 38 డిగ్రీల మధ్య. ముఖ చర్మం పైపొర ఉష్ణోగ్రత మామూలు గదిలో 32, 34 మధ్య ఉంటుంది, హోమం పక్కన ఇంకా ఎక్కువ. ఏసీ గదిలో వేలికి గట్టిగా, వెన్నలా తగిలిన క్రీమ్‌కు ఆ గట్టితనంలో మంచి భాగం ఈ రెండే ఇచ్చాయి. బుగ్గ మీదకు రాగానే ఆ భాగం కాస్తా ద్రవం. మిగిలిన మైనం ఆ నూనెనంతా పట్టి ఉంచేంత లేదు, అందుకే జారింది. ట్రయల్ గది 22 డిగ్రీల ఏసీలో ఉన్నప్పుడు ఏ ఆర్టిస్టుకూ ఇది ముందే కనిపించదు. కాబట్టి ఎండాకాలం పెళ్లికి ట్రయల్ వేస్తే, వేశాక అరగంట క్లయింట్‌ని ఏసీ లేని గదిలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టాలి.

ఇంకోటి. డబ్బా అంచుల్లో ఇసుకలా పలుకులు తగిలాయి. పాడైపోయిందని ఆర్టిస్ట్ అనుకుంది, కాదు. నెయ్యి నెమ్మదిగా పేరితే పూస కడుతుంది, గబగబా చల్లారితే నున్నగా ఉంటుంది. షియాదీ అదే తీరు. కారులో కరిగి, రాత్రి నెమ్మదిగా చల్లారినప్పుడల్లా పలుకులు పెద్దవవుతాయి. దానివల్ల చర్మానికి హాని లేదు గానీ రంగు సమంగా అంటదు.

స్టిక్‌లో ఏముంది

ఐసోడోడెకేన్, మైకా, పాలీఎథిలీన్, డైమెథికోన్, ట్రైమెథైల్‌సైలాక్సీసిలికేట్, సిలికా, ఓజోకరైట్, కాండెలిల్లా మైనం, హైడ్రోజనేటెడ్ పాలీఐసోబ్యూటీన్, టోకోఫెరాల్, రంగులు. సువాసన లేదు. నీళ్లు లేవు. నీళ్లు లేనిచోట ప్రిజర్వేటివ్ అవసరం బాగా తక్కువ, తడి స్పాంజ్ నేరుగా రుద్దనంత వరకు.

మొదటి పేరే ఎగిరిపోయే రకం. ఐసోడోడెకేన్ పనల్లా రంగును బుగ్గ మీదకు మోసుకెళ్లి, పరిచి, గాలిలో కలిసిపోవడం. అది పోయాక ట్రైమెథైల్‌సైలాక్సీసిలికేట్ అనే సిలికోన్ రెజిన్ పొరలా బిగుసుకుంటుంది. చెమట, కన్నీళ్లు దాన్ని కదిలించలేవు. మైనాలూ గట్టివే. కాండెలిల్లా 68 నుంచి 73 డిగ్రీల మధ్య కరుగుతుంది, పాలీఎథిలీన్ గ్రేడును బట్టి దానికంటే పైన. పోలికకు, తేనెమైనం 62 నుంచి 65, కార్నౌబా 82 నుంచి 86.

మైనం 70 దగ్గర కరిగితే స్టిక్ కూడా 70 దాకా నిలుస్తుందని లెక్క వేయకూడదు. నూనెలో కలిసిన మైనం చాలా ముందే మెత్తబడుతుంది. స్టిక్ అంటే మైనం పలుకులు అల్లుకున్న వల, ఆ వల కళ్లల్లో నూనె. మైసూరుపాకులో నెయ్యి ఉన్నట్టు. శనగపిండి పట్టగలిగినంత నెయ్యి ఉంటే ముక్క నిలుస్తుంది, ఎక్కువైనా, ఎండకు పెట్టినా కారుతుంది. స్టిక్ తల మీద మంచు బిందువుల్లా కనిపించే ‘చెమట’ అలా కారిన నూనే.

ఈ స్టిక్‌కు చెమట పట్టలేదు. దానికి ఉల్టా జబ్బు. గొట్టంలో వదులుగా ఊగుతోంది, తల కొద్దిగా ముడుచుకుంది, చేతి మీద గీస్తే రంగు పడకుండా లాగుతోంది. అడిగితే తెలిసింది: మేకప్ పెట్టె కారు డిక్కీలో ఉంటుందట, స్టిక్ మూత క్లిక్కుమని పడడం మానేసి చాలా రోజులైందట. ఐసోడోడెకేన్ మూత సందులోంచి మెల్లగా వెళ్లిపోయింది. మిగిలింది మైనం, రెజిన్, పొడి. రెండో ట్రయల్ మచ్చలకు సగం కారణం ఇదే. ఎగిరిపోయే నూనె మీద నడిచే స్టిక్ కొంటే మూత బిగువు రంగు కంటే ముందు చూడాలి. ఐసోడోడెకేన్ మండే ద్రవం కూడా, దీపాల పక్కన, హోమం దగ్గర టచప్‌కు మూత తీసి పెట్టకూడదు.

రంగుల దగ్గర ఆగాల్సింది

డబ్బాలో రంగులు సి.ఐ. (కలర్ ఇండెక్స్ అనే రంగుల పట్టికలోని నంబర్లు) 77891, 77491, 15850, 45410. మొదటిది టైటానియం డయాక్సైడ్, తెలుపు. రెండోది ఎర్ర ఐరన్ ఆక్సైడ్, మనం ఇటుక రంగు అనేది. 15850 గులాబీ ఎరుపు. 45410 మాత్రం వేరే జాతి. నూనెలో ఉన్నప్పుడు దాని ఆమ్ల రూపం దాదాపు రంగు లేకుండా ఉండి, చర్మం మీది తేమ తగిలాక గాఢమైన గులాబీకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడడం చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు, తీరు వేరైనా సూత్రం ఒకటే: చుట్టూ ఉన్న ఆమ్ల క్షార గుణం మారితే రంగు మారుతుంది. ట్రయల్ ఫొటోల్లో గంట తర్వాత బుగ్గలు మొదటికంటే ముదురు పింక్‌లో కనిపించడానికి ఇదే కారణం. చెమట పట్టేకొద్దీ రంగు పెరుగుతుంది. పైగా ఇది చర్మానికి మరకలా పట్టుకుంటుంది, కడిగినా కాస్త మిగులుతుంది. సరదా వాడకానికి బాగుంటుంది, నాలుగు గంటల వీడియో తీసే పెళ్లికి కాదు.

టైటానియం మోతాదు ఎక్కువైతే చామనఛాయ మీద బూడిద పూసినట్టు వస్తుంది. డబ్బాలో రంగుల వరసలో అది ముందుంది, కానీ రంగుల దగ్గర వరస నమ్మదగింది కాదు, చేతి మీద గీసి చూడాల్సిందే. మోచేతి లోపలి తెల్లటి చర్మం మీద కాదు, దవడ పక్కన. ఈ కేసులో బూడిద తేలింది.

స్టిక్‌లో 77491, 77492, 77891 తో పాటు ‘ఉండవచ్చు’ అన్న గుర్తు తర్వాత 75470 ఉంది. అది కార్మైన్, కొచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు. పెళ్లివారు శాకాహారులు, లిప్‌స్టిక్‌కి కూడా ముందే అడిగి తెలుసుకునే ఇల్లు. ‘నేచురల్’ అని రాసి ఉంది కదా అని ఆర్టిస్ట్ సందేహం. పురుగు కూడా ప్రకృతిలోదే. అయితే ‘ఉండవచ్చు’ అన్న జాబితా షేడ్లన్నిటికీ కలిపి ఒకటే వేస్తారు. చేతిలో ఉన్న షేడ్‌లో అది ఉందో లేదో ఆ జాబితా చెప్పదు. సరఫరాదారుని షేడ్ వారీ జాబితా అడిగితే, ఇదే వరసలో కాస్త ఇటుక వైపు ఉన్న షేడ్ కార్మైన్ లేకుండా 15850 తో చేసిందని తేలింది. క్లయింట్ ఛాయకు నిజానికి అదే బాగా కుదిరింది. తేనెమైనం విషయంలో కూడా ఇలాగే అడగాలి, ఈ స్టిక్‌లో అది లేదు.

పెట్టిన పరీక్షలు

పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు, వారం రోజులు ఓపిక ఉంటే చాలు.

ఫిల్టర్ పేపర్ మీద రెండింటినీ 0.1 గ్రాము చొప్పున పెట్టి, 40 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాం. డబ్బా క్రీమ్ చుట్టూ వెడల్పాటి నూనె వలయం. స్టిక్ చుట్టూ సన్నటి అంచు మాత్రమే. ఈ వలయమే బుగ్గ మీద జారుడుకు నమూనా.

రెండో పరీక్షకు దుకాణం నుంచి కొత్త స్టిక్కులు రెండు తెప్పించాం, కారులో ఉడికినది పెట్టి తీర్పు చెప్పడం అన్యాయం. మూత బిగించి 45 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 24 గంటలు ఒకటి నిలువుగా, సగం బయటకు తిప్పినది ఒకటి అడ్డంగా. వంగలేదు, చెమట పట్టలేదు. డబ్బా అదే గదిలో పూర్తిగా ద్రవమైంది, చల్లారాక పైన నూనె, అడుగున మైకా పేరుకుంది.

మూడోది బేస్‌తో పొత్తు. ట్రయల్‌లో వాడిన రెండు ఫౌండేషన్లలో ఒకటి నీటి ఆధారం, రెండోది సిలికోన్ ఆధారం. ముంజేతి మీద ఒక్కోటి పలుచగా రాసి, 5 నిమిషాలు ఆగి, సగానికి పౌడర్ అద్ది, సగం వదిలేసి, వాటి మీద స్టిక్‌ను నేరుగా రుద్దాం, పక్కనే బ్రష్‌తో అద్దాం. నేరుగా రుద్దినచోట సిలికోన్ ఫౌండేషన్ కరిగి లేచొచ్చింది. ఐసోడోడెకేన్ సిలికోన్ పొరను కరిగిస్తుంది మరి. పౌడర్ అద్దిన సగంలో పొడి ఉండలు కట్టి మచ్చలయ్యాయి. బ్రష్‌తో, పౌడర్ వేయని నీటి ఆధారం బేస్ మీద అద్దినది ఒక్కటే సాఫీగా కూర్చుంది. రెండో ట్రయల్‌లో ఆర్టిస్ట్ చేసింది: సిలికోన్ బేస్, పైన పౌడర్, దానిపైన ఎండిపోయిన స్టిక్‌తో రుద్దుడు. మచ్చలు పడకపోతేనే ఆశ్చర్యం.

చివరిది చర్మ పరీక్ష. ఎంపికైన షేడ్‌ను క్లయింట్ మోచేతి మడతలో, సుమారు 5 సెంటీమీటర్ల చతురస్రంలో, రోజుకు రెండుసార్లు 14 రోజులు రాసింది. ఎరుపు, దురద, పొక్కు ఏవీ రాలేదు. ఒక్క రాత్రి రాసి చూసే ‘ప్యాచ్ టెస్ట్’ ఆలస్యంగా వచ్చే అలర్జీని పట్టుకోలేకపోవచ్చు, అందుకే పెళ్లికి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. ఈ పరీక్ష గింజల గురించి ఏమీ చెప్పదని కూడా క్లయింట్‌కు అప్పుడే చెప్పాం.

గింజల సంగతి

చర్మవైద్యుల దగ్గరికి పంపాం. మూసుకున్న కమెడోన్లని, అంటే జిడ్డు అడ్డుపడి మూసుకుపోయిన చర్మ రంధ్రాలని నిర్ధారణ. కాస్మెటిక్స్ వల్ల నెమ్మదిగా, బుగ్గల మీద, చీము లేకుండా వచ్చే ఇలాంటి గింజలను క్లిగ్‌మన్, మిల్స్ అనే ఇద్దరు 1972 లోనే ‘ఆక్నే కాస్మెటికా’ పేరుతో వివరించారు. అన్నీ ఒకేసారి, దురదతో, ఒకే సైజులో గింజలు లేస్తే ఆలోచన వేరే దారి పట్టాలి, అది మలసీజియా ఫంగస్ వల్ల వచ్చే ఫోలిక్యులైటిస్ (వెంట్రుక కుదుళ్ల వాపు) కావచ్చు.

డబ్బా లేబుల్‌లో అనుమానించదగ్గవి ఉన్నాయి: ఐసోప్రొపైల్ మిరిస్టేట్, కొబ్బరి నూనె. అయితే ఇంటర్నెట్‌లో తిరిగే 0 నుంచి 5 మార్కుల పట్టికలను చూసి తీర్పు చెప్పడం సరికాదు. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం కుందేలు చెవి మీద విడి పదార్థాన్ని పెట్టి చూసినవి. కుందేలు చెవి మనిషి బుగ్గకంటే త్వరగా మూసుకుపోతుంది. పైగా ఒక పదార్థం 2 శాతం ఉన్నప్పుడు చేసే పనీ, నూటికి నూరుపాళ్లు ఉన్నప్పుడు చేసే పనీ ఒకటి కాదు. నిరూపించే దారి ఒక్కటే: అనుమానించినదాన్ని ఆపి, మిగతావన్నీ అలాగే ఉంచి, వేచి చూడడం. క్లయింట్ మొదట చేయాలనుకున్నది సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్, బ్లష్, ఫేస్‌వాష్ నాలుగూ ఒకేసారి మార్చేయడం. అలా చేస్తే తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. డబ్బా ఒక్కటే ఆపించాం. కమెడోన్లు వారాల తరబడి తయారవుతాయి, పోవడానికీ అంతే. 8 వారాలకు ముందు ఫలితం అడగవద్దని చెప్పాం. వైద్యులు రాసిన మందు వారి పరిధి, దాని వివరం ఇక్కడ అనవసరం. మందు కూడా వాడింది కాబట్టి, తగ్గినదంతా డబ్బా ఆపినందుకే అని మేము రాయలేం. డబ్బా మీద అనుమానం బలంగా ఉంది, అంతవరకే.

స్టిక్ వాడేవారికీ ఒక హెచ్చరిక. రెజిన్ పొర మైసెల్లార్ వాటర్‌తో సరిగ్గా పోదు. నూనె ఆధారం క్లెన్సర్‌ను పొడి ముఖం మీద ఒక నిమిషం వేళ్లతో తిప్పి, నీళ్లు కలిపి కడిగి, ఆపైన మామూలు ఫేస్‌వాష్. పోలేదని సున్నిపిండితో రుద్దితే రాపిడికి వచ్చే ఎరుపును కూడా బ్లష్ ఖాతాలో వేస్తారు.

పెళ్లి రోజు వరస

పొద్దున్నే నలుగు, మంగళస్నానం. నలుగుపిండి బుగ్గల మీద గట్టిగా రుద్దితే చర్మం పైపొర గీసుకుపోతుంది, గంట తర్వాత ఏది రాసినా మంట. బుగ్గలకు శాస్త్రానికి అద్దితే చాలని పెద్దవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి, ఆర్టిస్ట్ కాదు, క్లయింట్ వాళ్లమ్మగారు మాట్లాడితే సులువు. పసుపు పచ్చదనం మిగిలితే దాని మీద వేసిన పింక్ నారింజ వైపు తిరుగుతుంది. దాన్ని సబ్బుతో తీయబోతే క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. పసుపు రంగు నూనెలో కరుగుతుంది, దూదికి రెండు చుక్కల క్లెన్సింగ్ ఆయిల్ వేసి తుడిచి, తర్వాత తేలికపాటి ఫేస్‌వాష్ వాడాలి.

జిడ్డు లేని సన్‌స్క్రీన్ రాసి 10 నిమిషాలు. నీటి ఆధారం ఫౌండేషన్ పలుచగా, 5 నిమిషాలు. అప్పుడే, పౌడర్‌కు ముందు, బ్లష్. స్టిక్ ముఖానికి తాకించకూడదు. స్పాచులాతో పై పొర గీరి పారేసి, కింద నుంచి గోధుమ గింజంత రెండు ముక్కలు స్టీల్ ప్యాలెట్ మీదకు తీసుకుని, ప్యాలెట్ నైఫ్‌తో పది సెకన్లు నలపాలి, మెత్తబడుతుంది. ఒక బుగ్గ పూర్తిచేశాకే రెండోది. రెండింటికీ ఒకేసారి చుక్కలు పెట్టి ఒకటి అద్దుతుంటే రెండోది బిగుసుకుపోతుంది, ఈ రకం స్టిక్‌కు ఒక నిమిషం కూడా టైమ్ ఉండదు. దట్టమైన సింథటిక్ బ్రష్‌తో అద్దాలి, లాగకూడదు. మొదటి పూత ఆరాక పలుచగా రెండోది. దాని మీద అదే రంగు పౌడర్ బ్లష్ చిటికెడు, ఆపైన పారదర్శక పౌడర్. చెయ్యి తగిలినా ఊడదు.

జీలకర్ర బెల్లం, తలంబ్రాల తర్వాత పసుపు బియ్యం బుగ్గలకు అంటుతాయి. తుడవకుండా పొడి బ్రష్‌తో దులపాలి. అప్పగింతల కన్నీళ్లకు టిష్యూను అద్దడమే, జరపడం వద్దు. టచప్‌కు మళ్లీ స్టిక్ వేయకూడదు, పౌడర్ మీద క్రీమ్ రకం ఏదైనా మచ్చే. పౌడర్ బ్లష్ ఒక్కటే. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా రంగు నిలిచింది. ముక్కు పక్కన, బ్లష్ అంచు దగ్గర, జిడ్డుకు కొద్దిగా పలచబడింది, అక్కడ బ్లాటింగ్ పేపర్ రెండుసార్లు అద్దాల్సి వచ్చింది.

ఒక క్లయింట్‌కు, ఇంకో క్లయింట్‌కు మధ్య స్టిక్ తల గీరి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి, ఆరనివ్వాలి. డిక్కీలో పెట్టడం మానాలి. ఎండలో ఆపిన కారులో వేడి బయటికంటే చాలా ఎక్కువ. ఫ్రిజ్ కూడా మంచిది కాదు, బయటికి తీసినప్పుడల్లా తేమ పడుతుంది. థర్మోకోల్ పెట్టె, అందులో గుడ్డ చుట్టిన జెల్ ప్యాక్ చాలు.

డబ్బా రంగును స్టిక్‌గా పోయవచ్చా

స్టూడియోకు సొంత బ్రాండ్ ఆలోచన ఉంది, అందుకే ఈ ప్రశ్న. డబ్బా క్రీమ్‌ను కరిగించి మైనం కలిపి గొట్టంలో పోస్తే సరిపోతుందని కొందరు చేస్తున్నారు. సరిపోదు. కొబ్బరి నూనె, షియా అందులోనే ఉంటాయి, మైనం ఎంత పెంచినా చర్మం మీద అవి కరిగేవే, పైగా స్టిక్ కొవ్వొత్తిలా గట్టిపడి రంగు వదలదు. మొదటి నుంచి కట్టుకోవాలి. ఎగిరిపోయే నూనెకు గాలి చొరని గొట్టం, నిప్పుకు దూరంగా కాచే ఏర్పాటు కావాలి, చిన్న యూనిట్‌కు అది భారం. అందుకని ఉండిపోయే నూనెతోనే, కానీ కరిగిపోయే కొవ్వులు లేకుండా, 100 గ్రాముల నమూనా ఇలా కట్టాం.

కాండెలిల్లా 6 గ్రాములు, ఓజోకరైట్ 5, పాలీఎథిలీన్ 4. ఆక్టైల్‌డోడెకనాల్ 24, కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ 20, హైడ్రోజనేటెడ్ పాలీఐసోబ్యూటీన్ 14. గుండ్రటి సిలికా 5, మైకా 11. రంగులు మొత్తం 10. టోకోఫెరాల్ 0.5, కాప్రిలైల్ గ్లైకాల్ 0.5.

రంగులను ముందు ఆక్టైల్‌డోడెకనాల్‌లో 20 గ్రాములతో తడిపి మూడు రోలర్ల మిల్లులో మూడుసార్లు తిప్పాలి. కల్వంలో నూరితే కంటికి నున్నగానే కనిపిస్తుంది, బుగ్గ మీద ఎర్రటి గీతలు పడతాయి. రేణువుల సైజు చూపే హెగ్‌మన్ గేజ్ మీద 20 మైక్రాన్ల లోపుకు రావాలి. మైనాల్లో పాలీఎథిలీన్‌ను మిగతా నూనెల్లో ముందు, 95 డిగ్రీల దగ్గర కరిగించాలి. అది పూర్తిగా కరగకుండా మిగతావి వేస్తే స్టిక్‌లో గింజలు మిగులుతాయి. తర్వాత కాండెలిల్లా, ఓజోకరైట్. 85కి దించి రంగు ముద్ద, సిలికా, మైకా కలిపి, గాలి చొరకుండా నెమ్మదిగా తిప్పాలి. 80 దగ్గర పావుగంట ఆగితే బుడగలు పైకొస్తాయి. చివర్లో టోకోఫెరాల్, కాప్రిలైల్ గ్లైకాల్. 78 నుంచి 80 మధ్య, 40 డిగ్రీలకు వేడిచేసిన అచ్చులో పోయాలి.

మొదటి పోత చెడింది. అచ్చు ఏసీ గదిలో చల్లగా ఉండిపోయింది, స్టిక్ ఒంటి మీద అడ్డంగా మెట్లలాంటి గీతలు, గీస్తే అక్కడే విరిగింది. రెండో పోతలో అచ్చు వేడి సరిచేశాం గానీ పోసే వేడి 88 దాకా పోయింది. గట్టిపడేలోపు బరువైన ఐరన్ ఆక్సైడ్ కిందికి, అంటే అచ్చులో తలకిందులుగా ఉన్న స్టిక్ మొన వైపుకు దిగింది. మొన ముదురు, మొదలు లేత, ఆ మొదలు దగ్గరే గుంట. మూడోది బాగా వచ్చింది. 45 డిగ్రీల్లో 24 గంటలు నిలిచింది, 25, 45 డిగ్రీల మధ్య అయిదు తిరుగుళ్ల తర్వాత మొన మీద రెండు, మూడు నూనె బిందువులు కనిపించాయి. పాలీఐసోబ్యూటీన్ 2 గ్రాములు తగ్గించి, ఓజోకరైట్ 1, సిలికా 1 పెంచి మళ్లీ పోశాం. బిందువులు లేవు, రంగు మాత్రం ఒక గీత తక్కువ వదులుతోంది. దానికి మైకా 1 గ్రాము తీసి రంగు ముద్ద పెంచి చూడాలి.

రంగు పొడులు బేగంబజార్‌లో కిలోల లెక్కన విడిగా దొరుకుతాయి. వాటిని తాకవద్దు. కాస్మెటిక్స్‌కు అనుమతించిన రంగుల జాబితా ఐ.ఎస్. 4707 అనే భారతీయ ప్రమాణం మొదటి భాగంలో ఉంది. రంగులో సీసం 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20), ఆర్సెనిక్ 2 పీపీఎం, సీసం కాక మిగతా భార లోహాలు 100 పీపీఎం దాటకూడదు. బ్యాచ్ నంబరుతో విశ్లేషణ పత్రం ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనే పని లేదు. ఇక స్టూడియో వెనక గదిలో పోసి అమ్మడం కుదరదు. తయారీకి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి లైసెన్సు కావాలి, లేదా లైసెన్సు ఉన్న యూనిట్‌లో లోన్ లైసెన్సు మీద చేయించుకోవాలి. నాలుగో పోత స్టిక్కులు ఆరు, గదిలో మూడు, 40 డిగ్రీల్లో మూడు, మూడు నెలల పరీక్షకు పెట్టి ఉన్నాయి. ప్రతి సోమవారం బరువు, మొన, వాసన చూసి రాసుకుంటున్నారు.